ఆనర్స్ డిగ్రీ, వైద్యరంగ ప్రవేశం

ఆనర్స్ డిగ్రీ అనగా ఒక శాస్త్రాన్ని సాధారణ డిగ్రీలో కంటే లోతుగా, ఎక్కువ ప్రయోగశాల పనితో, తరచు ఒక పరిశోధన వ్యాసంతో పూర్తిచేసే పట్టభద్ర విద్య. వైద్యం, దంతవైద్యం, ఔషధశాస్త్రం, ప్రజారోగ్యం మొదలైన రంగాలలో చేరగోరే విద్యార్థులకు ఈ చదువు ఎంతవరకు ఉపకరిస్తుంది అనే ప్రశ్నకు భారతదేశంలో ఒక సమాధానం, అమెరికాలో మరొక సమాధానం ఉన్నాయి. అమెరికాలో వైద్య కళాశాలకు డిగ్రీ మీదుగానే వెళ్ళాలి. భారతదేశంలో ఇంటర్మీడియట్ తరువాత ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా వెళ్తారు. కాబట్టి మన దేశంలో ఆనర్స్ డిగ్రీ ఎం.బి.బి.ఎస్. సీటుకు మెట్టు కాదు. సీటు రాని విద్యార్థికి, లేదా వైద్యవృత్తి కాక వైద్యశాస్త్ర పరిశోధనను కోరుకునే విద్యార్థికి అది ఆరోగ్యరంగంలోకి వేరొక ద్వారం.

విజయనగరం జిల్లాలోని నెల్లిమర్ల వంటి ఊళ్ళలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఊరిలోనే వైద్య కళాశాల ఉన్నది. కాని ఆ ఊరి విద్యార్థి అందులో చేరాలంటే దేశమంతటికీ ఒకటే అయిన పరీక్ష దాటాలి.

చరిత్ర

ఉత్తరాంధ్రలో ఉన్నత విద్యకు పునాదులు 19వ శతాబ్దంలో పడినవి. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల మూలసంస్థ 1860లో ఆరంభమైనది. విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలైన మహారాజా వారి విద్యాసంస్థ 1879లో కళాశాల స్థాయికి ఎదిగినది. వైద్యవిద్య మాత్రం 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల నెలకొన్న తరువాతనే ఈ ప్రాంతానికి వచ్చినది. ఆ కళాశాలకు 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అని పేరు పెట్టారు. దానికి అనుబంధంగా ఉన్నదే కింగ్ జార్జి ఆసుపత్రి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతి అయిన కాలంలో వాల్తేరులో ఆనర్స్ తరగతులు వేళ్ళూనుకొన్నవి. అప్పటి ఆనర్స్ ఇంటర్మీడియట్ తరువాత మూడేళ్ళ చదువు. కొద్దిమంది విద్యార్థులు, ఒకే ప్రధాన విషయం, కఠినమైన పరీక్షలు దాని లక్షణాలు. బి.ఎ., బి.ఎస్‌సి. సాధారణ తరగతుల కంటే దానికి గౌరవం ఎక్కువ. వైద్యం చదవదలచినవారు మాత్రం ఇంటర్మీడియట్ ముగించి నేరుగా వైద్య కళాశాలకు వెళ్ళేవారు. అనగా ఆనర్స్, వైద్యం అనేవి అప్పటికే రెండు వేర్వేరు దారులు.

1950ల ద్వితీయార్థంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ స్థానంలో ఒక ఏడాది పి.యు.సి., ఆపై మూడేళ్ళ డిగ్రీ వచ్చినవి. వైద్యంలో చేరేవారికి పి.యు.సి. తరువాత ఒక ఏడాది ప్రీ ప్రొఫెషనల్ కోర్సు ఉండేది. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయన, భౌతిక శాస్త్రాలను వైద్య విద్యార్థికి అవసరమైన మేరకు బోధించే ఏడాది అది. మన ప్రాంతంలో వైద్యానికి ముందు చదువు అనదగిన ప్రత్యేక ఘట్టం ఏదైనా ఉన్నదంటే అదే. కొత్త డిగ్రీ విధానం వచ్చాక పాత ఆనర్స్ క్రమంగా తెరమరుగైనది.

1969-70లో రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ తిరిగి వచ్చినది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడినది. ఆ తరువాత వైద్యానికి ముందు చదువు అంటే బై.పి.సి. అనే అర్థం స్థిరపడినది. 1986లో ఎంసెట్ మొదలైనది. జాతీయ స్థాయి నీట్ పరీక్షను మొదట 2013లో నిర్వహించారు. సుప్రీం కోర్టు తీర్పుతో అది ఆ ఏడాదే ఆగి, 2016లో పునరుద్ధరణ పొందినది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర కోటా సీట్లను 2016 వరకు ఎంసెట్ ద్వారా భర్తీ చేశారు. 2017 నుండి నీట్ ద్వారా భర్తీ చేస్తున్నారు.

నెల్లిమర్ల, ఉత్తరాంధ్ర వైద్య కళాశాలలు

నెల్లిమర్ల చంపావతి నది ఒడ్డున, హౌరా-చెన్నై రైలు మార్గం మీద విజయనగరానికి సమీపంలో ఉన్న పట్టణం. చిరకాలంగా జనపనార మిల్లుకు పేరుపొందినది. ఇక్కడ 2002లో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ నెలకొన్నది. క్లుప్తంగా మిమ్స్ అని పిలిచే ఈ ప్రైవేటు కళాశాల 1986లో స్థాపించబడిన డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది.

విశాఖపట్నం దాటితే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో అంతకు ముందు వైద్య కళాశాల లేదు. తరువాత శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లోను, రాగోలులో గ్రేట్ ఈస్టర్న్ వైద్య కళాశాల 2010లోను వచ్చినవి. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలో 2023లో 150 సీట్లతో తరగతులు మొదలైనవి.

కళాశాలలు పెరిగినా పోటీ తగ్గలేదు. 2024లో దేశవ్యాప్తంగా 23 లక్షలకు పైగా విద్యార్థులు నీట్ వ్రాశారు. అన్ని కళాశాలల ఎం.బి.బి.ఎస్. సీట్లు కలిపితే లక్షకు కొద్దిగా పైన. అందులో ప్రభుత్వ రుసుముతో చదవగల సీట్లు సుమారు సగం. అంటే పరీక్ష వ్రాసిన ప్రతి 20 మందిలో సుమారు 19 మంది వేరే దారి చూసుకోవలసినవారే. ఆనర్స్ డిగ్రీ విలువను గురించిన చర్చ ముఖ్యంగా ఈ 19 మందికి సంబంధించినది.

అమెరికాలో ఆనర్స్ పథకాలు

ఆనర్స్ చదువును వైద్య ప్రవేశంతో ముడిపెట్టి మాట్లాడే అలవాటు అమెరికా నుండి వచ్చినది. అక్కడ జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల 1893లో ఆరంభమైనప్పుడే డిగ్రీ ఉన్నవారిని మాత్రమే చేర్చుకున్నది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక వెలువడిన పిమ్మట ఇతర కళాశాలలు కూడా క్రమంగా కళాశాల స్థాయి విజ్ఞానశాస్త్ర చదువును తప్పనిసరి చేసినవి. ఇప్పుడు విద్యార్థి సాధారణంగా నాలుగేళ్ళ డిగ్రీ చదివి, ఎంక్యాట్ పరీక్ష వ్రాసి, తరువాత నాలుగేళ్ళ వైద్యవిద్యలో చేరతాడు. డిగ్రీలో ప్రధాన విషయం ఏదైనా కావచ్చు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం వంటి నిర్దేశిత పాఠాలను మాత్రం ప్రయోగాలతో సహా పూర్తిచేయాలి.

ఆనర్స్ పథకాలకు అక్కడ 1922 ఒక మైలురాయి. ఆ ఏడాది స్వార్త్‌మోర్ కళాశాలలో ఫ్రాంక్ ఎయిడెలాట్ ఆనర్స్ పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన ఆయన చిన్న చర్చా తరగతులు, బయటి పరీక్షకులు అనే రెండు అంశాలను అక్కడి నుండి తెచ్చాడు. తరువాతి కాలంలో పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా ఆనర్స్ కళాశాలలను నెలకొల్పినవి. వందలాది విద్యార్థులు కూర్చునే ఉపన్యాస తరగతికి బదులు ఇరవై మంది తరగతి, ఆచార్యునితో నేరుగా పరిచయం, పరిశోధనకు అవకాశం, చివర ఒక సిద్ధాంత వ్యాసం వీటిలో సామాన్యంగా కనిపించే లక్షణాలు.

వైద్య కళాశాలలు ఆనర్స్ పట్టాను తప్పనిసరిగా కోరవు. దరఖాస్తులో డిగ్రీ మార్కుల సగటు, ఎంక్యాట్ ఫలితం, ఆసుపత్రి అనుభవం, సేవ, పరిశోధన, ఆచార్యుల సిఫారసు లేఖలు, ముఖాముఖి అన్నింటినీ చూస్తారు. ఆనర్స్ పాఠాలకు మార్కుల సగటు లెక్కింపులో అదనపు విలువ కలపరు. కాబట్టి కఠినమైన ఆనర్స్ పాఠంలో తక్కువ మార్కులు వస్తే అది నష్టమే. లాభం మరొక విధంగా వస్తుంది. చిన్న తరగతిలో విద్యార్థిని ఎరిగిన ఆచార్యుడు వ్రాసే లేఖలో బరువుంటుంది. రెండేళ్ళు ఒకే సమస్య మీద పనిచేసిన విద్యార్థికి ముఖాముఖిలో చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ విషయాలు నేరుగా వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివి అక్కడి వైద్య కళాశాలలో చేరవచ్చునని తలచేవారికి వర్తించవు. అక్కడి కళాశాలలు చాలావరకు తమ దేశంలో, లేదా కెనడాలో కొంతకాలమైనా కళాశాల చదువు చదివి ఉండాలని కోరుతాయి. విదేశీ విద్యార్థులను చేర్చుకునే కళాశాలలు బహు తక్కువ. ఇక్కడి నుండి అక్కడికి వెళ్ళిన తెలుగు వైద్యులలో ఎక్కువమంది స్వదేశంలో ఎం.బి.బి.ఎస్. ముగించి, అక్కడి అర్హత పరీక్షలు వ్రాసి, శిక్షణలో చేరినవారే.

ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ళ ఆనర్స్

2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ళ డిగ్రీని ప్రతిపాదించినది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన చట్రం ప్రకారం 120 క్రెడిట్లతో మూడేళ్ళ డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ లభిస్తాయి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన చేసి "పరిశోధనతో కూడిన ఆనర్స్" పట్టా పొందవచ్చును. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం సాధించినవారికి ఎం.ఎస్‌సి. లేకుండానే పి.హెచ్‌డి. ప్రవేశానికి అర్హతను 2022 నియమావళి కల్పించినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి డిగ్రీ పాఠ్యప్రణాళికను మార్చి 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చారు. అందులో మొదటిది సామాజిక సేవా ప్రాజెక్టు. విద్యార్థి ఒక గ్రామాన్నో, వార్డునో ఎంచుకొని ఇంటింటి సర్వే చేసి నివేదిక వ్రాయాలి. 2023-24లో ఒకే ప్రధాన విషయం, దానికి తోడు ఒక ఉపవిషయం ఉండే పద్ధతిని ప్రవేశపెట్టారు. అంతకు ముందు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడింటిని సమానంగా చదివే బి.జెడ్.సి. డిగ్రీ మన కళాశాలలలో ఎక్కువగా ఉండేది.

రాష్ట్ర సరిహద్దుకు దగ్గరలో, తెలుగువారు గణనీయంగా నివసించే బరంపురంలో 2016లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఆరంభమైనది. తిరుపతిలోని సంస్థ 2015లో మొదలైనది. ఈ సంస్థలలోని ఐదేళ్ళ బి.ఎస్.-ఎం.ఎస్. చదువుకు బై.పి.సి. విద్యార్థులు ప్రత్యేక అభిరుచి పరీక్ష వ్రాసి చేరవచ్చును. పరిశోధన కేంద్రంగా సాగే ఆనర్స్ చదువుకు మన దేశంలో దగ్గరి నమూనాలు ఇవి.

ప్రయోజనాలు

ఆరోగ్యరంగం వైపు వెళ్ళే విద్యార్థికి ఆనర్స్ డిగ్రీ వలన కలిగే ప్రయోజనాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది విషయంపై పట్టు. నీట్ పరీక్షలో 180 ప్రశ్నలకు ఇచ్చిన నాలుగు సమాధానాల నుండి ఒకటి ఎంచుకోవాలి. ఆ శిక్షణ వేగాన్ని, జ్ఞాపకాన్ని పెంచుతుంది. ప్రయోగం రూపొందించడం, ఫలితం తప్పినప్పుడు కారణం వెదకడం, చూసినదానిని పది పుటలలో వ్రాయడం అనేవి ఆ శిక్షణలో ఉండవు. ఆనర్స్ నేర్పవలసినవి ఇవే.

రెండవది పరిశోధన అనుభవం. రోగనిర్ధారణ ప్రయోగశాలలకు, ఔషధ పరీక్షల సంస్థలకు, వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే సంస్థలకు వైద్యులతో పాటు జీవరసాయన, సూక్ష్మజీవ, గణాంక శాస్త్రజ్ఞులు కావాలి.

మూడవది ఉన్నత విద్యకు అర్హత. ఎం.ఎస్‌సి., ప్రజారోగ్యంలో మాస్టర్స్, ఆసుపత్రి నిర్వహణ వంటి చదువులకు డిగ్రీ ఆధారం. వైద్య కళాశాలలలోనే బోధించే ఎం.ఎస్‌సి. మెడికల్ కోర్సులలో శరీర నిర్మాణశాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, జీవరసాయనశాస్త్రం వంటివి బి.ఎస్‌సి. పట్టభద్రులు కూడా చదవవచ్చును.

నాలుగవది కాలం వృథా కాకపోవడం. సీటు కోసం ఏడాదికి ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉండిపోయిన విద్యార్థికి మూడేళ్ళ తరువాత కూడా ఇంటర్మీడియట్ పత్రమే మిగులుతుంది. అదే కాలంలో డిగ్రీ చదివినవారికి ఒక పట్టా, ఒక విషయంలో ప్రవేశం ఉంటాయి.

పరిమితులు

ఆనర్స్ డిగ్రీ వలన నీట్‌లో అదనపు మార్కులు గాని, ప్రత్యేక కోటా గాని రావు. ఎం.బి.బి.ఎస్. అర్హత ఇంటర్మీడియట్ స్థాయి విషయాల మీదనే ఆధారపడి ఉన్నది. డిగ్రీ చదివినవారు కూడా నీట్ వ్రాయవచ్చును, సీటు వస్తే మొదటి సంవత్సరంలోనే చేరాలి. నాలుగేళ్ళు వైద్య ప్రవేశం కోసమే ఆనర్స్ చదివితే ఆ ఆశ నెరవేరే మార్గం ప్రస్తుత నియమాలలో లేదు.

రెండవ పరిమితి కళాశాలల స్థితి. పేరు ఆనర్స్ అయినంత మాత్రాన చదువు ఆనర్స్ కాదు. పనిచేసే సూక్ష్మదర్శినులు, రసాయనాలు, తగినంతమంది అధ్యాపకులు లేనిచోట నాలుగో ఏడాది మూడో ఏడాదికి పొడిగింపు మాత్రమే. పరిశోధనకు మార్గదర్శకత్వం వహించగల అధ్యాపకులు ఉన్న కళాశాలలకే పరిశోధన పట్టా ఇచ్చే వీలుండడం ఇందుకే. ఇలాంటి కళాశాలలు నగరాలలో ఎక్కువ, చిన్న పట్టణాలలో తక్కువ.

మూడవది ఉద్యోగ నియమాల అస్థిరత. వైద్య కళాశాలలలో ఎం.ఎస్‌సి. మెడికల్ చదివిన అధ్యాపకుల నియామకాలను జాతీయ వైద్య కమిషన్ 2020లో కుదించి, 2025 నియమావళిలో కొంత సడలించినది. ఈ దారి ఎంచుకునేవారు చేరే ఏటి నియమాలను చూసుకోవాలి.

నాలుగవది ఖర్చు. నాలుగో ఏడాది అంటే ఒక ఏడాది సంపాదన వాయిదా. వ్యవసాయ కూలీ, మిల్లు కార్మిక కుటుంబాల నుండి వచ్చే విద్యార్థులకు ఇది చిన్న విషయం కాదు. వీరికి బి.ఎస్‌సి. నర్సింగ్, ఫిజియోథెరపీ, బి.ఫార్మసీ, వైద్య ప్రయోగశాల సాంకేతిక శాస్త్రం వంటి వృత్తి డిగ్రీలు త్వరగా ఉపాధి చూపవచ్చును. వీటిలో ఫిజియోథెరపీ, వైద్య ప్రయోగశాల సాంకేతిక శాస్త్రం వంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల విద్యను, నమోదును క్రమబద్ధం చేయడానికి పార్లమెంటు 2021లో ప్రత్యేక చట్టం చేసినది.

ఉదాహరణలు

యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) జీవితం ఈ చర్చలో తలచుకోదగినది. భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఎం.బి.బి.ఎస్. కాక తక్కువ స్థాయిగా భావించబడిన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటకు వచ్చారు. తరువాత అమెరికాలోని హార్వర్డ్‌లో జీవరసాయనశాస్త్ర పరిశోధన చేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే విధానం 1925లో ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించినది. కండరాలలో శక్తికి మూలమైన పదార్థాలను గుర్తించడంలోను ఆయన పాలుపంచుకున్నారు. లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన వెలువడిన మందులలో బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజైన్ ఒకటి. బోదకాలు చిరకాలం పీడించిన ప్రాంతాలలో ఉత్తరాంధ్ర కూడా ఉన్నది. రోగులను నేరుగా చూడకుండానే ప్రయోగశాలలో కూర్చుని చేసిన పని లక్షలాది రోగులకు చేరినది. పట్టా పేరు కంటే పరిశోధన శిక్షణ ఎక్కువ దూరం తీసుకుపోతుందనడానికి ఇది నిదర్శనం.

రెండవ ఉదాహరణ ఇంకా ముగియనిది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేకుండానే మూత్రపిండాల వ్యాధి విస్తరించి ఉన్నది. కొబ్బరి, జీడి తోటల మధ్య నివసించే కష్టజీవుల కుటుంబాలను అది దశాబ్దాలుగా బాధిస్తున్నది. దీని కారణం ఇంతవరకు నిర్ద్వంద్వంగా తేలలేదు. తాగునీరు, ఎండలో శ్రమ, రసాయనాలు, వంశపారంపర్య లక్షణాలు మొదలైనవాటిపై అధ్యయనాలు జరిగినవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు మూత్రపిండాల పరిశోధన కేంద్రం ఆరంభమైనది.

ఇటువంటి వ్యాధిని అర్థం చేసుకోవడానికి డయాలసిస్ చేసే వైద్యులు ఒక్కరే చాలరు. నీటిని విశ్లేషించే రసాయనశాస్త్రజ్ఞులు, రక్త నమూనాలను పరీక్షించే జీవరసాయన శాస్త్రజ్ఞులు, ఊరూరా లెక్కలు తీసి పోల్చగల గణాంక నిపుణులు అవసరం. ఆ ఊళ్ళ భాష, వృత్తులు, ఆహారపు అలవాట్లు తెలిసిన స్థానిక విద్యార్థులు ఈ పనికి అనువైనవారు. సామాజిక సేవా ప్రాజెక్టును, నాలుగో ఏటి పరిశోధనను ఇలాంటి ప్రశ్నల వైపు మళ్ళించినచో ఆనర్స్ డిగ్రీకి ఈ ప్రాంతంలో నిజమైన ప్రయోజనం ఏర్పడుతుంది.

ఎంపికలో గమనించవలసినవి

ఎం.బి.బి.ఎస్. ఒక్కటే లక్ష్యమైనవారు నీట్‌కు ఎన్నిసార్లు ప్రయత్నించాలో ముందుగా నిర్ణయించుకొనుట మేలు. ఆ గడువు ముగిసిన తరువాత చేరే డిగ్రీని ఓటమి గుర్తుగా కాక కొత్త చదువుగా స్వీకరించినవారికే ఆనర్స్ ఉపకరిస్తుంది.

కళాశాలను ఎంచుకునేటప్పుడు పేరును బట్టి గాక కొన్ని ప్రశ్నల సమాధానాలను బట్టి నిర్ణయించుకోవాలి. వారానికి ఎన్ని గంటలు ప్రయోగశాల ఉంటుంది? నాలుగో ఏడాది నిజంగా నడుస్తున్నదా? పరిశోధనకు మార్గదర్శకులు ఎవరు? అంతకు ముందు చదివినవారు ఏ ఎం.ఎస్‌సి.లో, ఏ సంస్థలో చేరారు? దగ్గరి వైద్య కళాశాలతోనో, ఆసుపత్రితోనో ఇంటర్న్‌షిప్‌కు ఏర్పాటు ఉన్నదా? నెల్లిమర్ల, విజయనగరం, శ్రీకాకుళం పరిసరాలలో చదివేవారికి ఈ చివరి ప్రశ్న ముఖ్యం, ఎందుకనగా నేడు వైద్య కళాశాలలు బస్సు దూరంలోనే ఉన్నవి.

ప్రధాన విషయంగా జీవరసాయన, సూక్ష్మజీవ, జంతుశాస్త్రాలలో ఒకటి తీసుకొనువారు రసాయనశాస్త్రాన్నో, గణాంకశాస్త్రాన్నో ఉపవిషయంగా ఎంచుకున్నచో ప్రజారోగ్య చదువులకు, పరిశోధనకు దారి సులువవుతుంది. ప్రజారోగ్యంలో ఉన్నత విద్యకు 2008లో ప్రారంభమైన హైదరాబాదులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ తెలుగు విద్యార్థులకు దగ్గరలో ఉన్నది.

ఇవి కూడా చూడండి

నెల్లిమర్ల
మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ
ఆంధ్ర వైద్య కళాశాల
ఆంధ్ర విశ్వవిద్యాలయం
డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం
యల్లాప్రగడ సుబ్బారావు
ఉద్దానం
నీట్
జాతీయ విద్యావిధానం 2020

వర్గాలు: విద్య, వైద్యవిద్య, ఆంధ్రప్రదేశ్ విద్యావ్యవస్థ, విజయనగరం జిల్లా